బీరు కాచే సెట్‌కి గొట్టాలు, జాయింట్లు: ఎక్కడ ఏది, ఎందుకు

ఇంట్లో బీరు కాచేవాళ్లలో చాలామంది మాల్ట్, హాప్స్, ఈస్ట్ ఎంచుకోవడానికి వారాలు తీసుకుంటారు. జాయింట్లు మాత్రం కిట్‌లో ఏవొస్తే అవి బిగించేస్తారు. ఆ తర్వాత పంపు గాలి పీలుస్తుంది, గొట్టం ఊడి మరిగే వర్ట్ (మాల్ట్ నానబెట్టి తీసిన తీపి రసం) కాళ్ల మీద పడుతుంది, కెగ్‌లో, అంటే బీరు నిలవచేసే స్టీలు పీపాలో, పెట్టిన బీరు నెల తిరక్కుండానే తడిసిన అట్టపెట్టె రుచికి తిరుగుతుంది, నిండు గ్యాస్ సిలిండర్ తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. చూడటానికి ఇవి నాలుగు వేరువేరు సమస్యలు. ఎక్కువసార్లు నాలుగింటి మూలమూ జాయింట్ దగ్గరే ఉంటుంది.

సెట్ అంతటికీ ఒకే రకం జాయింట్ పెట్టాలన్న ఆలోచనే తప్పని నా అభిప్రాయం. జాయింట్ గుండా పోయేదేమిటో ముందు చూడాలి: మరిగే వర్టా, చల్లార్చిన వర్టా, కుళాయి నీళ్లా, పులిసిన బీరా, కార్బన్ డయాక్సైడా.  వర్ట్ మరుగుతున్నంతసేపు సూక్ష్మజీవుల భయం లేదు. వేడి, చేతులు కాలడం, పంపు సరిగా నడవడం, ఇవే సమస్యలు. చల్లారిన క్షణం నుంచి లెక్క తిరగబడుతుంది. వేడి పోతుంది, శుభ్రత ముందుకొస్తుంది. పులిశాక ఆక్సిజన్ శత్రువవుతుంది. ఒక చోట అద్భుతంగా పనిచేసే ఫిట్టింగ్ ఇంకో చోట బీరుని పాడుచేయడానికి కారణం ఇదే.

ఇదంతా అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. 1978లో చేసిన చట్టం 1979 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, సొంత వాడకానికి కాచుకునే బీరుకి ఫెడరల్ పన్ను లేకుండా చేసింది. ఒక్క పెద్దవారే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 200 గాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం, కనుక అక్కడివాళ్లు దీన్ని చదువుకుని ఊరుకోవాలి.

మరల సంగతి ముందు

కెటిల్ (వర్ట్ మరిగించే పాత్ర) వాల్వులు, పంపులు, వర్ట్‌ని చల్లార్చే ప్లేట్ చిల్లర్లు అమెరికాలో దాదాపు అన్నీ అరంగుళం ఎన్‌పీటీ మరలతో వస్తాయి, అది అక్కడి పైపు మరల ప్రమాణం. మన దేశంలో, యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ప్లంబింగ్ మర బీఎస్‌పీ. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్టెయిన్‌లెస్ నిప్పళ్లు, ఎల్బోలు చవగ్గా దొరుకుతాయని సూట్‌కేసులో వేసుకొచ్చేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో ఈ రెండింటికీ అంగుళానికి 14 మరలే. బయటి వ్యాసం కూడా దగ్గరదగ్గరే: అరంగుళం ఎన్‌పీటీ 21.3 మి.మీ., బీఎస్‌పీ 20.95 మి.మీ. అందుకని ఒకదాంట్లో ఇంకోటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. కానీ ఎన్‌పీటీ మర కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55. మర అంచులు ఒకదానికొకటి పూర్తిగా ఆనవు. చల్లటి నీళ్లతో చూస్తే ఆగినట్టుండి, మరిగే వర్ట్ రాగానే కారడం మొదలవుతుంది. టేపు ఎంత చుట్టినా లాభం లేదు. పావు అంగుళంలోనైతే ఎన్‌పీటీకి 18, బీఎస్‌పీకి 19 మరలు కాబట్టి మొదట్లోనే పట్టేస్తుంది, అదొక విధంగా మేలు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు "అరంగుళం థ్రెడ్" అని మాత్రమే రాసి ఉంటే కొనకండి. ఎన్‌పీటీ అని గానీ బీఎస్‌పీ అని గానీ స్పష్టంగా ఉండాలి. జీ 1/2 అని ఉంటే అది సమాంతర బీఎస్‌పీ.

ఎన్‌పీటీ మర కొస వైపు సన్నబడుతుంది, పొడవు 16 పాళ్లకి వ్యాసంలో ఒక పాలు చొప్పున. బిగించే కొద్దీ లోహం లోహానికి ఒత్తుకుంటుంది, సందుల్ని టెఫ్లాన్ టేపు నింపుతుంది. మర కొసని మీ వైపు తిప్పుకుని గడియారపు ముల్లు తిరిగే దిశలో మూడు నాలుగు చుట్లు చుట్టండి, మొదటి మరని వదిలేయండి. మొదటి మర మీద టేపు ఉంటే దాని పీలికలు తెగి పంపు లోపల తిరిగే చక్రంలో (ఇంపెల్లర్‌లో) చిక్కుకుంటాయి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే మరలు ఒరుసుకుని అతుక్కుపోయే గుణం ఉంది, టేపు దాన్నీ ఆపుతుంది. చేత్తో బిగిసిన తర్వాత స్పానర్‌తో ఒకటిన్నర, రెండు చుట్లు చాలు. ఎల్బో మూతి కావలసిన దిక్కుకి రాలేదని వెనక్కి తిప్పకూడదు. ఎన్‌పీటీని వెనక్కి తిప్పితే కారుతుంది. పూర్తిగా విప్పి, పాత టేపు గీకేసి, చుట్లు ఒకటి పెంచో తగ్గించో మళ్లీ బిగించాలి. పంపు తల ప్లాస్టిక్‌దైతే స్పానర్ జోలికి పోకుండా చేత్తో బిగించి పావు చుట్టు దగ్గర ఆపండి. అక్కడ పగిలేది ఫిట్టింగ్ కాదు, పంపు తల.

మరిగే వైపు: సిలికోన్ గొట్టం, క్యామ్‌లాక్

వేడి వైపు గొట్టం ఫుడ్ గ్రేడ్ సిలికోన్‌దే ఉండాలి. దానికి మరిగే వర్ట్ లెక్కలోనిది కాదు. పారదర్శకంగా ఉండే మామూలు పీవీసీ గొట్టం 60, 70 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడి బార్బ్ (గొట్టం తొడిగే గాట్ల మూతి) మీంచి జారిపోతుంది, వర్ట్‌కి ప్లాస్టిక్ రుచి అంటుతుంది. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన అమ్మేది సాధారణంగా అదే.

సైజు అరంగుళం లోపలి వ్యాసం. గోడ మందం రెండు రకాల్లో దొరుకుతుంది: 1/8 అంగుళం, 3/16 అంగుళం. కెటిల్ నుంచి పంపుకి వెళ్లే గొట్టానికి 3/16 తీసుకోండి. ఆ గొట్టంలో పీల్పు ఉంటుంది, వేడికి సిలికోన్ ఇంకా మెత్తబడుతుంది, పలచటి గోడ వంపు దగ్గర మడతపడి మూసుకుపోతుంది. పంపు నుంచి బయటికి వెళ్లే వైపు 1/8 సరిపోతుంది. పొడవు విషయంలోనూ తేడా ఉంది. పంపులోకి వచ్చే గొట్టం రెండు మూడు అడుగులు మించకూడదు, బయటికి వెళ్లేది నాలుగు నుంచి ఆరు అడుగులు ఉండొచ్చు. కొనేటప్పుడు ప్రతి ముక్కకీ అరచేతి వెడల్పు అదనంగా ఉంచుకోండి. సిలికోన్ ఎప్పుడు చిరిగినా బార్బ్ తొడిగిన కొసలోనే చిరుగుతుంది, అంత మేర కోసేసి మళ్లీ తొడగడానికి ఆ పొడవు పనికొస్తుంది.

ఇక బార్బ్. గొట్టం అరంగుళం, వాల్వ్ అరంగుళం, కాబట్టి దారి పొడుగునా అరంగుళమే ఉందనుకుంటాం. కొలిస్తే అలా ఉండదు. ఫుల్ పోర్ట్ బాల్ వాల్వ్ రంధ్రం 15 మి.మీ. దాకా ఉంటుంది, గొట్టం లోపల 12.7 మి.మీ., కానీ అరంగుళం బార్బ్ గొట్టం లోపలికి దూరాలి కాబట్టి దాని రంధ్రం ఇంచుమించు 9.5 మి.మీ.కి పడిపోతుంది. వైశాల్యంలో చూస్తే గొట్టంలో సగానికి కొంచెం ఎక్కువ, వాల్వ్‌లో సగం కూడా కాదు. మొత్తం దారి ధారని నిర్ణయించేది ఈ ఇరుకే. పంపు నుంచి బయటికి వెళ్లే వైపు ఇరుకున్నా పెద్ద నష్టం లేదు, ఎలాగూ అక్కడ వాల్వ్‌తో ధార తగ్గిస్తాం. లోపలికి వచ్చే వైపు మాత్రం ఊరుకోకూడదు. అక్కడ 5/8 అంగుళం బార్బ్ వాడండి. అరంగుళం సిలికోన్ గొట్టం సాగి దాని మీద కూర్చుంటుంది. గొట్టం కొసని కాసేపు వేడి నీళ్లలో ఉంచి, బార్బ్‌ని తడిపి తొడిగితే సులువు. సబ్బు, నూనె వద్దు.

లోపలికి వచ్చే వైపు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, బీరు కాచేవాళ్లు వాడే మాగ్నెటిక్ డ్రైవ్ పంపులు తమంతట తాము నీటిని పైకి లాక్కోలేవు. వర్ట్ దిగి వచ్చి పంపు తల నింపితేనే నడుస్తాయి. పైగా మరిగే ద్రవం మీద ఒత్తిడి కాస్త తగ్గినా అది అక్కడికక్కడే ఆవిరవుతుంది. పంపు ముందు ఇరుకు బార్బ్, రెండు ఎల్బోలు, సగం తెరిచిన వాల్వ్ ఉన్నాయంటే ఒత్తిడి పడిపోతుంది, పంపు తలలో ఆవిరి బుడగలు పుడతాయి, గులకరాళ్లు కదిలినట్టు గలగల శబ్దం వస్తుంది, ధార ఆగిపోతుంది. పంపు పాడైందనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. పంపుని కెటిల్ కంటే వీలైనంత కిందికి దించండి, కెటిల్ వాల్వ్ పూర్తిగా తెరవండి, ధార తగ్గించాల్సింది పంపు తర్వాతి వాల్వ్‌తో మాత్రమే. పంపు తల మీద చిన్న గాలి వాల్వ్ ఒకటి పెడితే నింపే పని క్షణాల్లో అవుతుంది. లేకపోతే పంపు తలని తిప్పి బయటికి వెళ్లే మూతి పైకి చూసేలా పెట్టండి, గాలి దానంతటదే పోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. పంపు ముందున్న జాయింట్ లూజుగా ఉంటే అది ఎప్పుడూ కారకపోవచ్చు. లోపల పీల్పు ఉంటుంది కాబట్టి వర్ట్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. బయట చుక్క తడి ఉండదు, గొట్టంలో మాత్రం సన్నటి బుడగల వరస కనిపిస్తుంది. కెటిల్ లోపల అడుగు నుంచి వర్ట్‌ని లాగే గొట్టం, అంటే డిప్ ట్యూబ్, జాయింట్‌దీ ఇదే తీరు. అది వర్ట్‌లో మునిగి ఉన్నంతసేపు లోపం బయటపడదు. మట్టం దాని కిందికి దిగగానే గాలి పీల్చి ధార తెగిపోతుంది, అడుగున గాలన్‌కి పైగా వర్ట్ మిగిలిపోతుంది.

క్లిప్పుల విషయానికొస్తే, మామూలు స్క్రూ హోస్ క్లిప్పుకి పట్టీలో గాట్లుంటాయి. బిగిస్తే మెత్తటి సిలికోన్ ఆ గాట్లలోకి పొంగి తెగుతుంది. లోపలి అంచు నునుపుగా ఉండే పట్టీ క్లిప్పులు గానీ, ఒకసారి నొక్కి వదిలేసే ఇయర్ క్లిప్పులు గానీ, స్ప్రింగ్ క్లిప్పులు గానీ వాడండి. సిలికోన్ గొట్టం బార్బ్‌ని గట్టిగానే పట్టుకుంటుంది, క్లిప్పు అక్కర్లేదని కొందరంటారు. పంపు నడుస్తుండగా దాని తర్వాతి వాల్వ్ మూస్తే ఆ పట్టు చాలదు. మరిగే వర్ట్ పోయే చోట క్లిప్పు లేని గొట్టాన్ని నేను సమర్థించను.

ఒక గొట్టాన్ని ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చుకోవాలి కాబట్టి వేడి వైపు క్విక్ కనెక్ట్ కావాలి. మూడు రకాలు వాడుకలో ఉన్నాయి: పాలీసల్ఫోన్ ప్లాస్టిక్‌వి, బాల్ బేరింగ్ కాలర్ ఉండే స్టెయిన్‌లెస్‌వి, క్యామ్‌లాక్‌లు. ప్లాస్టిక్‌వి చేతులు కాల్చవు, వేడినీ తట్టుకుంటాయి, కానీ కింద పడితే బీటలిస్తాయి, రంధ్రం చిన్నది. బాల్ బేరింగ్‌వి తీపి వర్ట్ ఎండి జిగటపడి కాలర్ పట్టేస్తుంటుంది. వేడి వైపుకి నా ఓటు స్టెయిన్‌లెస్ 304 క్యామ్‌లాక్‌కే. లోపల అడ్డేమీ ఉండదు, విరిగే స్ప్రింగుల్లేవు, అరిగేది గాస్కెట్ ఒక్కటే. అల్యూమినియంవి చవగ్గా వస్తాయి, కొనకండి. ఘాటైన క్షారపు క్లీనర్లకి అల్యూమినియం నల్లబడి గుంటలు పడుతుంది.

క్యామ్‌లాక్‌లో రెండు సగాలు: గాడి ఉన్న ప్లగ్ ఒకటి, దాన్ని పట్టే చెవులున్న కప్లర్ ఒకటి. అక్షరాలు చూసి తికమకపడొద్దు. టైప్ ఏ అంటే ప్లగ్, వెనక ఫిమేల్ థ్రెడ్ (లోపలి మర). టైప్ ఎఫ్ అంటే ప్లగ్, వెనక మేల్ థ్రెడ్ (బయటి మర). టైప్ బీ అంటే చెవుల కప్లర్, వెనక మేల్ థ్రెడ్. టైప్ సీ అంటే చెవుల కప్లర్, వెనక బార్బ్. కదలని పరికరాలన్నిటికీ ప్లగ్‌లు, గొట్టాల కొసలన్నిటికీ టైప్ సీ పెట్టండి. అప్పుడు ఏ గొట్టమైనా ఎక్కడైనా తగులుతుంది. తిరగేసి పెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ గాస్కెట్ ఉండేది చెవుల కప్లర్‌లో. దాన్ని కెటిల్‌కి బిగిస్తే బర్నర్ మంట సెగ గంటసేపు నేరుగా గాస్కెట్‌కి తగులుతుంది.

రెండు కెటిళ్లు, ఒక పంపు, ఒక ప్లేట్ చిల్లర్ ఉన్న సెట్‌కి లెక్క ఇలా వస్తుంది. కెటిల్ బాల్ వాల్వులకి సాధారణంగా ఫిమేల్ థ్రెడ్, కనుక టైప్ ఎఫ్ రెండు, మ్యాష్ టన్‌లోకి (మాల్ట్ నానబెట్టే పాత్రలోకి) వర్ట్ తిరిగి పోసే మూతికి ఇంకోటి. పంపుకి రెండు వైపులా మేల్ థ్రెడ్ ఉంటే టైప్ ఏ రెండు, చిల్లర్‌లోకి వర్ట్ వెళ్లే మూతికి ఒకటి. గొట్టాలు మూడు చాలు: కెటిల్ నుంచి పంపుకి ఒకటి, పంపు నుంచి బయటికి ఒకటి, చిల్లర్ నుంచి ఫర్మెంటర్‌కి (పులియబెట్టే పాత్రకి) ఒకటి. మొదటి రెంటికీ కలిపి టైప్ సీ నాలుగు, వాటిలో పంపులోకి వచ్చే గొట్టానివి రెండూ 5/8 బార్బ్ ఉన్నవి. మూడో గొట్టం సంగతి చల్లటి వైపు కిందికి వస్తుంది. ఆర్డర్ పెట్టేముందు మీ పంపు, చిల్లర్ మరలు మేలో ఫిమేలో కళ్లతో చూసుకోండి, కంపెనీని బట్టి మారతాయి. క్యామ్‌లాక్‌లతో వచ్చే నల్లటి రబ్బరు గాస్కెట్లు తీసేసి సిలికోన్‌వి వేయండి. వేడికి ఆ రబ్బరు వాసన వర్ట్‌లోకి దిగుతుంది.

విప్పేటప్పుడు క్రమం తప్పకూడదు. పంపు ఆపాలి, రెండు వైపులా వాల్వులు మూయాలి, చేతికి రబ్బరు గ్లవ్స్ ఉండాలి, జాయింట్ మొహం మీ నుంచి పక్కకి తిప్పి ఉండాలి, ఆ తర్వాతే చెవులు ఒక్కొక్కటిగా ఎత్తాలి. గుడ్డ గ్లవ్స్ వద్దు, తడిస్తే వేడి నీటిని చేతికే అంటిపెడతాయి. చిన్నపిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. మరిగే వర్ట్‌లో చక్కెర ఉంటుంది, చర్మానికి అంటుకుని నీళ్లకంటే లోతుగా కాలుస్తుంది.

కుళాయి నీళ్ల వైపు

చిల్లర్‌కి నీళ్లిచ్చేది గార్డెన్ హోస్. దాని మర ముప్పావు అంగుళమే అయినా అంగుళానికి 11.5 మరలు, సమాంతరం. ముప్పావు ఎన్‌పీటీకి 14. రెండూ కలవవు, మధ్యలో అడాప్టర్ ఉండాలి. గార్డెన్ హోస్‌లో నీటిని ఆపేది మర కాదు, లోపలి వాషర్. కారితే టేపు చుట్టడం కాదు, వాషర్ మార్చాలి.

రాగి చుట్ట కెటిల్‌లో ముంచి చల్లార్చే ఇమ్మర్షన్ చిల్లర్‌లో ఒక పెద్ద లోపం తరచూ కనిపిస్తుంది: రాగి గొట్టానికి, రబ్బరు గొట్టానికి మధ్య జాయింట్ సరిగ్గా కెటిల్ మీద ఉంటుంది. అక్కడ కారే ప్రతి చుక్క కుళాయి నీరూ చల్లారుతున్న వర్ట్‌లోనే పడుతుంది. వర్ట్‌కి ఇన్ఫెక్షన్ రావడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. రాగి గొట్టపు రెండు కొసలనీ కెటిల్ అంచు దాటించి కిందికి వంచి, జాయింట్లు కెటిల్ బయట అంచు కంటే కింద ఉండేలా చూడండి. కారినా నేల మీద కారుతుంది.

బయటికి వచ్చే నీటి గొట్టం గురించి ఎవరూ పట్టించుకోరు. మొదటి నిమిషంలో అందులోంచి వచ్చేది మరిగే వేడికి దగ్గరగా ఉన్న నీరు. పీవీసీ గొట్టమైతే మెత్తబడి ఊడి పాములా కొట్టుకుంటుంది. అక్కడ సిలికోన్ గానీ వేడి నీళ్లకి చేసిన రబ్బరు గొట్టం గానీ క్లిప్పుతో బిగించండి. ఇదే గార్డెన్ హోస్‌తో కాచడానికి నీళ్లు పట్టేవాళ్లు తాగునీటికి పనికొస్తుందని రాసి ఉన్న గొట్టం కొనుక్కోవాలి.

ఇత్తడి ఫిట్టింగ్‌లు నీళ్ల వైపు నిరభ్యంతరంగా వాడొచ్చు. వర్ట్ తగిలే చోట ఉంటే సీసం లేనివి తీసుకోండి. పాత ఇత్తడైతే రెండు పాళ్ల తెల్ల వెనిగర్, ఒక పాలు మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అందులో వేయండి. ఐదు పది నిమిషాల్లో ఇత్తడి వెన్న రంగు బంగారంలా మెరుస్తుంది, పైపొర సీసం పోతుంది. ద్రావణం ఆకుపచ్చగా మారితే ఎక్కువసేపు ఉంచారన్నమాట, తీసి కడిగేయండి.

చల్లారాక: ట్రైక్లాంప్

చిల్లర్ దాటిన తర్వాత మర అనేది శత్రువు. మర సందుల్లో, క్యామ్‌లాక్ గాస్కెట్ గాడిలో వర్ట్ చిక్కుకుని ఉంటుంది, పైపైన కడిగితే పోదు. ట్రైక్లాంప్‌లో రెండు నునుపైన ఫెర్రూల్‌ల (వెడల్పు అంచున్న మూతుల) మధ్య ఒక గాస్కెట్, చుట్టూ ఒక బిగింపు, అంతే. విప్పితే మూడు ముక్కలూ చేతిలోకొస్తాయి, మూలలుండవు. ధర ఎక్కువే. అందుకే సెట్ అంతా ట్రైక్లాంప్ చేయమని చెప్పను, డబ్బంతా ఇక్కడ పెట్టండంటాను.

సైజుల్లో ఒక చిక్కుంది. ఒక అంగుళం ట్రైక్లాంప్‌కి, ఒకటిన్నర అంగుళం దానికి అంచు వ్యాసం ఒకటే, 50.5 మి.మీ. క్లాంపు రెంటికీ సరిపోతుంది, లోపలి రంధ్రం మాత్రం వేరు. ఒకటిన్నర అంగుళం దానికి ఒక అంగుళం గాస్కెట్ పెట్టారనుకోండి, బిగుస్తుంది కానీ లోపలికి అంచు పొడుచుకొస్తుంది, దాని వెనక ఈస్ట్ చేరుతుంది. రెండంగుళాలదానికి అంచు 64 మి.మీ., ముప్పావుకీ అంతకంటే చిన్నవాటికీ 25 మి.మీ. ఫర్మెంటర్ మూతులకి ఒకటిన్నర అంగుళం బాగా చలామణిలో ఉన్నది, మార్చుకునే విడిభాగాలన్నీ దొరుకుతాయి.

చల్లటి వైపు బాల్ వాల్వ్ ఉంటే మూడు ముక్కలుగా విడిపోయేదే ఉండాలి. రెండు ముక్కల వాల్వ్‌లో బంతి వెనక ఖాళీలో వర్ట్ నిలిచి కుళ్లుతుంది. కెటిల్‌కి అదే వాల్వ్ పెట్టినా కొంత నయం, ప్రతిసారీ మరుగుతుంది కనుక.

చిల్లర్ నుంచి బయటికి వచ్చే మూతికి మర నుంచి ట్రైక్లాంప్‌కి మార్చే అడాప్టర్ పెట్టి, మూడో గొట్టం కొసకి ట్రైక్లాంప్ బార్బ్ బిగించండి. బడ్జెట్ లేకపోతే అక్కడా క్యామ్‌లాక్ పెట్టొచ్చు, ఒక షరతు మీద: మరగడం ఇంకో 15 నిమిషాల్లో పూర్తవుతుందనగా పంపు, చిల్లర్, గొట్టం అన్నీ తగిలించి, చిల్లర్ నీళ్లు ఆపి, మరిగే వర్ట్‌ని వాటిగుండా కెటిల్‌లోకే తిప్పాలి. జాయింట్ మొత్తం ఆ వేడికి వచ్చి కనీసం 10 నిమిషాలు ఉండాలి. మధ్యలో విప్పితే మళ్లీ మొదటికే.

కెగ్, గ్యాస్

పులిసిన బీరు సిలికోన్ గొట్టంలో పోకూడదు. సిలికోన్ గుండా ఆక్సిజన్ ధారాళంగా చొరబడుతుంది. నీరు కారకుండా ఆపినంత మాత్రాన గాలిని ఆపినట్టు కాదు. వేడి వైపు అంత మంచి గొట్టం ఇక్కడ పనికిరాదు. ఆక్సిజన్‌ని ఆపే పొరతో చేసిన గొట్టం, ఈవా బ్యారియర్ లాంటిది, 4 మి.మీ. లోపలి, 8 మి.మీ. బయటి వ్యాసంతో దొరుకుతుంది. ఇది బార్బ్ మీద మొండికేస్తుంది, గొట్టాన్ని లోపలికి నెడితే పట్టేసే పుష్ ఫిట్ కనెక్టర్లతో వాడటమే సరి. 8 మి.మీ. పుష్ ఫిట్‌లో 5/16 అంగుళం గొట్టం కూడా నిలుస్తుంది, ఎందుకంటే అది 7.94 మి.మీ. పావు అంగుళం 6.35 మి.మీ., దాన్ని 6 మి.మీ. కనెక్టర్‌లోకి నెట్టకండి. అలాగే 3/8 అంగుళం 9.5 మి.మీ., 10 మి.మీ. దాంట్లో వదులు.

పుష్ ఫిట్ కారిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు గొట్టం కోసిన తీరులోనే తప్పుంటుంది. కత్తెరతో కోస్తే కొస ఏటవాలుగా, నలిగినట్టు వస్తుంది. గొట్టం కట్టర్‌తో అడ్డంగా, లంబకోణంలో కోయాలి. నెట్టినప్పుడు మొదట ఒక అడ్డు తగులుతుంది, అది ఓ-రింగ్. చాలామంది అక్కడే ఆగిపోతారు. దాన్ని దాటి ఇంకొంచెం లోపలికి పోయి ఆగాలి. గొట్టం మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటే తెలుస్తుంది. తర్వాత వెనక్కి లాగి చూడండి.

బాల్ లాక్ కెగ్‌కి బూడిదరంగు కనెక్టర్ గ్యాస్‌ది, నల్లది బీరుది. కెగ్ పోస్టుల్లో (కనెక్టర్ తగిలే మూతుల్లో) గ్యాస్‌దానికి షట్కోణపు మూలల దగ్గర గాట్లుంటాయి. తారుమారు చేసి నొక్కితే ఎక్కినట్టే ఎక్కి, తీసేటప్పుడు రాదు. కొత్తగా కొంటే పావు అంగుళం ఫ్లేర్ మర ఉన్న కనెక్టర్లు తీసుకోండి, బార్బ్ ఉన్నవి కాదు. విప్పి కడగొచ్చు, గొట్టం మార్చొచ్చు. ఫ్లేర్ మర మీద టేపు చుట్టకూడదు. అక్కడ ఆపేది కొసలోని శంఖు ఆకారపు అంచు, టేపు దాన్ని సరిగ్గా కూర్చోనివ్వదు. ప్లాస్టిక్ కనెక్టర్‌కి స్టీల్ నట్టు బిగిస్తుంటే మధ్యలో చిన్న నైలాన్ వాషర్ వేయండి. చేత్తో బిగించి పావు చుట్టు, అంతే.

ఫర్మెంటర్ నుంచి కెగ్‌కి బీరు మార్చేటప్పుడు రెండు కొసలా నల్ల కనెక్టర్లున్న గొట్టం ఒకటి చేసుకోండి. బీరు కెగ్ బీరు పోస్టు గుండానే లోపలికి పోవాలి. అప్పుడు డిప్ ట్యూబ్ ద్వారా అడుగు నుంచి నిండుతుంది, నురగ రాదు. కెగ్ గ్యాస్ పోస్టు నుంచి ఇంకో గొట్టం ఫర్మెంటర్ పైభాగానికి కలిపితే కెగ్‌లోని కార్బన్ డయాక్సైడ్ తిరిగి ఫర్మెంటర్‌లోకే పోతుంది, బయటి గాలికి చోటుండదు. ముందుగా కెగ్‌ని శానిటైజర్‌తో అంచుదాకా నింపి, గ్యాస్‌తో దాన్నంతా బయటికి నెట్టి ఖాళీ చేస్తే లోపల మిగిలేది కార్బన్ డయాక్సైడే. డ్రై హాపింగ్ చేసిన, అంటే చల్లారాక హాప్స్ వేసిన, బీరైతే హాప్ ముక్కలు కనెక్టర్ లోపలి చిన్న స్ప్రింగ్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. ధార ఆగితే కనెక్టర్ పైన స్క్రూ విప్పి అక్కడ చూడండి.

గ్యాస్ లీకు పట్టుకోవడానికి శానిటైజర్ నురగ ప్రతి జాయింట్ మీద స్ప్రే చేయడం మామూలే. సన్నటి లీకు దానికి దొరక్కపోవచ్చు. నమ్మకమైన పరీక్ష వేరే ఉంది: ఖాళీ కెగ్‌కి తగిలించి రెగ్యులేటర్ 20, 25 పీఎస్‌ఐకి పెట్టి, సిలిండర్ వాల్వ్ మూసేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ముల్లు పడిపోయి ఉంటే లీకుంది. కెగ్ ఖాళీదే ఎందుకంటే, బీరుంటే గ్యాస్‌ని అది పీల్చుకుంటుంది, లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది. గది చల్లబడినా కొద్దిగా దిగుతుంది, దాన్ని చూసి బెంబేలెత్తొద్దు.

కడగడం, పరీక్ష

కాచడం అయిన వెంటనే, వర్ట్ ఎండకముందే, వేడి నీళ్లు పంపుతో తిప్పండి. తర్వాత 60 నుంచి 70 డిగ్రీల నీళ్లలో పీబీడబ్ల్యూ అనే క్షారపు క్లీనర్ వేసి అరగంట. ప్లేట్ చిల్లర్‌ని వర్ట్ వెళ్లిన దిశకి ఎదురు దిశలోనూ తిప్పాలి, హాప్ ముక్కలు వచ్చిన దారినే బయటికి వస్తాయి. క్యామ్‌లాక్ గాస్కెట్లు వేలితో ఊడదీసి గాడి కడగండి. గొట్టాలు చుట్ట చుట్టి డబ్బాలో పడేయకుండా రెండు కొసలూ కిందికి వేలాడేలా మేకుకి తగిలించి ఆరనివ్వండి. సిలికోన్‌కి హాప్స్ వాసన పడుతుంది, వేడి వైపు అది సమస్య కాదు. లోపల చేతికి జిగటగా తగిలినా, బార్బ్ దగ్గర తెల్లటి గీతలు కనిపించినా మార్చేయాలి.

కొత్త జాయింట్ ఏది బిగించినా మొదట చల్లటి నీళ్లతో, తర్వాత మరిగే నీళ్లతో పరీక్షించండి. చల్లటి నీళ్లకి నిలబడినవన్నీ వేడికి నిలబడవు. లోహం వ్యాకోచిస్తుంది, సిలికోన్ మెత్తబడుతుంది, క్లిప్పు పట్టు తగ్గుతుంది. మరిగే నీళ్లు పంపుతో పావుగంట తిప్పి, ప్రతి జాయింట్ కింద పొడి టిష్యూ కాగితం పెట్టి చూడండి, పంపు ముందున్న గొట్టాన్ని వెలుతురుకి ఎదురుగా పెట్టి బుడగలున్నాయేమో చూడండి. చల్లారాక క్లిప్పులన్నీ మరోసారి బిగించాలి. విడిభాగాల డబ్బాలో క్యామ్‌లాక్ సిలికోన్ గాస్కెట్లు నాలుగు, ఒకటిన్నర అంగుళం ట్రైక్లాంప్ గాస్కెట్లు రెండు, గార్డెన్ హోస్ వాషర్లు కొన్ని, కెగ్ పోస్టు ఓ-రింగులు, ఫ్లేర్ వాషర్లు, ఒక టేపు చుట్ట ఉండాలి. అన్నీ కలిపినా ఒక బ్యాచ్ మాల్ట్ ఖరీదు చేయవు.